వేడి లేకుండా ఒకే సైజు బంతులు: బూందీ గరిటె పని చేసే చిప్ గురించి మీకు తెలుసా?

ఫోన్ స్పెక్ షీట్‌లో ప్రాసెసర్ పేరు ఉంటుంది, కెమెరా మెగాపిక్సెల్స్ ఉంటాయి, బ్యాటరీ ఎంఏహెచ్ ఉంటుంది. కానీ డిస్‌ప్లే గాజుకీ, దానికి సిగ్నల్ తెచ్చే ఫ్లెక్స్ కేబుల్‌కీ మధ్య నలుగుతూ పనిచేసే ప్లాస్టిక్ బంతుల గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. అవి లేకపోతే మీ 120 హెర్ట్జ్ అమోలెడ్ ప్యానెల్ ఒట్టి గాజు పలకే.

ఈ సైట్‌లో డిస్‌ప్లేల గురించి రాసినప్పుడల్లా బ్రైట్‌నెస్, రిఫ్రెష్ రేట్, కలర్స్ దగ్గరే ఆగిపోతుంటాం. ఈసారి ఆ బంతులతో మొదలుపెట్టి కాస్త లోపలికి వెళ్దాం. ఎందుకంటే, ప్లాస్టిక్ బంతుల్ని అన్నీ ఒకే సైజులో చేయడం అనే పని గత పాతికేళ్లలో చాలా మారింది. ఒకప్పుడు దానికి వేడి కావాలి, గంటల టైమ్ కావాలి. ఇప్పుడు అదే పనిని గది ఉష్ణోగ్రత దగ్గర, అరచేతిలో పట్టే చిప్ చేస్తోంది. నా దృష్టిలో దీని అసలు లాభం ఫోన్లకి కాదు, మందులకి. అదెలాగో చెప్తా.

ముందు మీ ఫోన్‌లో ఏముందో చూద్దాం

డిస్‌ప్లే గాజు అంచున వందల కొద్దీ సన్నటి మెటల్ గీతలుంటాయి. వాటిని ఫ్లెక్స్ మీదున్న గీతలతో కలపాలి. సోల్డరింగ్ చేద్దామంటే గీతల మధ్య అంత చోటు లేదు. అందుకే ఏసీఎఫ్ అనే సన్నటి జిగురు ఫిల్మ్ వాడతారు. పూర్తి పేరు అనైసోట్రోపిక్ కండక్టివ్ ఫిల్మ్. ఫోన్ రిపేర్ చేసేవాళ్లని అడిగితే 'ఏసీఎఫ్ టేప్' అని చెప్తారు, అదే ఇది.

ఆ జిగురులో మామూలుగా 3 నుంచి 5 మైక్రాన్ల బంతులు కలిసి ఉంటాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, దాని అడ్డంగా ఇలాంటి బంతులు పదిహేను, ఇరవై పడతాయి. బంతి లోపల ప్లాస్టిక్, పైన నికెల్ పూత, చాలావాటికి ఆ పైన బంగారు పూత. ఫిల్మ్‌ని మధ్యలో పెట్టి వేడితో నొక్కితే, పై గీతకీ కింది గీతకీ మధ్య చిక్కిన బంతులు కొంచెం చపాతీ అయినట్టు అణుగుతాయి. కరెంటు పై నుంచి కిందికి పారుతుంది. పక్క గీతల మధ్య మాత్రం బంతులు ఒకదానికొకటి తగలకుండా జిగురులో విడివిడిగా ఉంటాయి కాబట్టి షార్ట్ అవదు. లోపల ప్లాస్టిక్ ఉండటం వల్ల బంతి చిన్న స్ప్రింగులా పనిచేస్తూ రెండు వైపులా ఒత్తి పట్టుకుంటుంది.

ఇక్కడ సైజు తేడా వస్తే ఏమవుతుంది? ఒక బంతి పెద్దదైతే ఒత్తిడంతా అదే మోస్తుంది. పక్కనున్న చిన్న బంతికి పై గీత తగలనే తగలదు. అంటే కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది, ఉండదు. మరీ పెద్ద బంతులు పక్క గీతని ముట్టుకుంటే షార్ట్. ఇంకో లెక్క చూడండి. వ్యాసం 10% పెరిగితే బంతి ఘనపరిమాణం 10% పెరగదు, 33% పెరుగుతుంది. 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.331 వస్తుంది కదా, అందుకు. కంటికి చిన్నగా కనిపించే సైజు తేడా, లోపల పట్టే సరుకు దగ్గరికి వచ్చేసరికి పెద్ద తేడా అయిపోతుంది. ఈ 33% సంగతి గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర మళ్లీ కావాలి.

పాత పద్ధతి: వేడి గిన్నె, అంతరిక్షం, నార్వే

ప్లాస్టిక్ బంతులు చేసే మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. మోనోమర్ అనే నూనెలాంటి ద్రవాన్ని సబ్బు కలిపిన నీళ్లలో వేసి బాగా కలియబెడతారు. అది చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. తర్వాత 60 నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేసి గంటల తరబడి ఉంచితే చుక్కలు గట్టిపడి బంతులవుతాయి. మజ్జిగ చిలికితే బుడగలు ఎలా వస్తాయో చూశారుగా? ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇక్కడా అంతే. తర్వాత జల్లెడ పట్టి, కావలసిన సైజు ఏరుకుని, మిగతాది పక్కన పెట్టాలి.

చిన్న బంతుల్ని విత్తనాల్లా తీసుకుని మెల్లగా పెంచితే సైజు సమానంగా వస్తుందని తెలుసు. కానీ అవి కొన్ని మైక్రాన్లు దాటేసరికి తంటా మొదలవుతుంది. బరువు వల్ల కొన్ని తేలతాయి, కొన్ని మునుగుతాయి. అలా కాకుండా గట్టిగా కలిపితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. సరే, గురుత్వాకర్షణే అడ్డమైతే అది లేని చోటికి వెళ్దాం అనుకున్నారు అమెరికాలో. లీహై యూనివర్సిటీకి చెందిన జాన్ వాండర్‌హాఫ్ బృందం తయారుచేసిన రియాక్టర్ 1982 మార్చిలో కొలంబియా స్పేస్ షటిల్‌లో పైకి వెళ్లింది. ఆ ప్రయోగాల నుంచి వచ్చిన 10 మైక్రాన్ల బంతుల్ని 1985లో అమెరికా ప్రమాణాల సంస్థ అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై భూమ్మీద అమ్ముడైన మొదటి వస్తువు ఇదే. మైక్రోస్కోపులు, కణాల్ని లెక్కపెట్టే యంత్రాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసుకోడానికి వాడే స్కేల్ అన్నమాట.

ఇందులో ట్విస్ట్ ఏంటంటే, అంతకు ముందే నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో జాన్ ఊగెల్‌స్టాడ్ ఇదే పనిని నేలమీదే చేసి చూపించాడు. 1976లో ఆయన కనిపెట్టిన దారిలో, విత్తన బంతుల్ని ముందు ఒక ప్రత్యేక పదార్థంతో సిద్ధం చేస్తారు. ఆ తర్వాత అవి నానబెట్టిన శనగల్లా, నిజానికి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, మోనోమర్‌ని పీల్చుకుని ఉబ్బుతాయి. అన్నీ ఒకేలా ఉబ్బుతాయి కాబట్టి అన్నీ ఒకే సైజులో గట్టిపడతాయి. ల్యాబుల్లో వాడే డైనాబీడ్స్ అనే అయస్కాంత బంతులు ఈ పనిలోంచే పుట్టాయి. విత్తనం నుంచి పెంచే ఈ తరహా పద్ధతులు ఇప్పటికీ పరిశ్రమకి వెన్నెముక.

మరి పని అయిపోయింది కదా, చిప్ ఎందుకు?

60 డిగ్రీల దగ్గర గుడ్డు ఉడికిపోతుంది

కోడిగుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది. తెల్లసొన అంటే ప్రొటీన్. ఇన్సులిన్ ప్రొటీన్, ఎంజైమ్‌లు ప్రొటీన్లు, యాంటీబాడీలు ప్రొటీన్లు. వాటిని బంతి లోపల పెట్టాలంటే పాత గిన్నె పనికిరాదు. ఇక బతికున్న కణాల సంగతి చెప్పక్కర్లేదు. వాటికి 37 డిగ్రీలు హాయి. అంతకంటే ఐదారు డిగ్రీలు పెరిగినా కష్టమే.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1980లో ఫ్రాంక్లిన్ లిమ్, ఆంథోనీ సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల పాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే కణాల గుంపుల్ని తీసి, సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ అనే జెల్ బంతుల్లో పెట్టారు. షుగర్ ఉన్న ఎలుకల్లో ఆ బంతులు పెడితే రెండు మూడు వారాల పాటు షుగర్ అదుపులో ఉంది. ఆలోచన చాలా సింపుల్. జెల్ గోడలోంచి గ్లూకోజ్ లోపలికి వెళ్తుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది. రోగనిరోధక కణాలు మాత్రం పెద్దవి కాబట్టి లోపలికి రాలేవు. టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లలు రోజూ సూదులు పొడుచుకునే బదులు ఇలాంటిది ఏదైనా వస్తే బాగుండునన్న ఆశతోనే ఈ రంగంలో ఇప్పటికీ పని జరుగుతోంది. బంతి మరీ పెద్దదైతే మధ్యలో ఉన్న కణాలకి ఆక్సిజన్ అందదు. జెల్ గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉంటే కాపలా సరిగ్గా ఉండదు. అందుకే సైజు, ఆకారం ముఖ్యం. వేడి మాత్రం అస్సలు కుదరదు.

మందుల్లోనూ అంతే. నెలకోసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వాడతారు. అందులో మందు కరిగిపోయే ప్లాస్టిక్ బంతుల లోపల ఉంటుంది. బంతి మెల్లగా కరుగుతూ మందుని వదులుతుంది. చిన్న బంతి మామూలుగా త్వరగా వదిలేస్తుంది, పెద్దది నిదానంగా. సైజులు కలగాపులగంగా ఉంటే డోసు కూడా అలాగే ఉంటుంది. ఇందాకటి 33% సంగతి గుర్తొచ్చిందా?

చిప్ ఎలా పనిచేస్తుంది? వంటింట్లోకి వెళ్దాం

బూందీ చేయడం చూసే ఉంటారు. జారుడుగా కలిపిన శనగపిండిని చిల్లుల గరిటెలో పోస్తే, చిల్లుల్లోంచి చుక్కలు నూనెలో పడతాయి, గుండ్రంగా తిరిగి గట్టిపడతాయి. చుక్క సైజుని నిర్ణయించేది చిల్లు, పిండి జారుడు, పోసే వేగం. పిండి చిక్కనైతే తోకలు వస్తాయి, పల్చనైతే అప్పచ్చుల్లా పరుచుకుంటాయి. మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లోనూ ఇవే మూడు నాబ్‌లు. ఒక్కటే తేడా, ఇక్కడ నూనె కాగదు.

చిప్ అంటే ఫోన్ ప్రాసెసర్ కాదు. పీడీఎంఎస్ అనే మెత్తటి, పారదర్శకమైన సిలికోన్ రబ్బరు ముక్కలో వెంట్రుకంత సన్నటి కాలువలు ఉంటాయి, అంతే. మధ్య కాలువలో నీళ్లు వస్తాయి. బంతి కావలసిన పదార్థం అందులో కరిగి ఉంటుంది. రెండు పక్కల నుంచి నూనె వస్తుంది. మూడూ ఒక సన్నటి సందు దగ్గర కలుస్తాయి. అక్కడ నూనె రెండు వైపులా నీళ్లని నొక్కి పిండుతుంది. నీటి తీగ సన్నబడి తెగుతుంది. ఒక చుక్క. మళ్లీ తీగ, మళ్లీ చుక్క. ఇలా సెకనుకి వెయ్యి సార్లు జరగడం మామూలే. ప్రతిసారీ అదే సందు, అదే వేగం, అదే ఒత్తిడి కాబట్టి ప్రతి చుక్కా ఒకే సైజు. చుక్కలు మళ్లీ కలిసిపోకుండా నూనెలో సబ్బు లాంటి పదార్థం కలుపుతారు.

2001లో అమెరికాలోని కాల్‌టెక్ బృందం టీ ఆకారపు కూడలిలో నూనె తాకిడితో నీటి చుక్కలు ఎలా తెగుతాయో చూపించింది. స్టీఫెన్ క్వేక్ ఉన్న ఆ బృందంలో ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ కూడా ఉన్నారు. 2018లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఆవిడకే, వేరే పనికి లెండి. ఇందాక చెప్పిన రెండు వైపులా పిండే డిజైన్‌ని ఫ్లో ఫోకసింగ్ అంటారు. దాన్ని చిప్ మీద హార్వర్డ్ బృందం 2003లో చూపించింది. పాత పద్ధతిలో సమానత్వం కెమిస్ట్రీ నుంచి వచ్చేది. ఇక్కడ కాలువ ఆకారం నుంచి వస్తోంది. అందుకే వేడితో పని లేకుండా పోయింది.

సరే, వేడి లేకుండా గట్టిపడేదెలా?

చుక్క చేయడం సగం పనే. అది బంతిగా గట్టిపడాలి. దీనికి మూడు దారులు బాగా పనిచేస్తున్నాయి.

మొదటిది కాల్షియం. బబుల్ టీ షాపుల్లో నోట్లో టప్‌మని పేలే పాపింగ్ బోబా తిన్నారా? ఆల్జినేట్‌కి కాల్షియం తగిలితే క్షణాల్లో జెల్ అవుతుంది, అందులో కెమిస్ట్రీ ఇదే. చిప్‌లో చిక్కేంటంటే, ఆ రెండూ ముందే కలిస్తే కాలువలోనే గట్టిపడి అంతా జామ్ అవుతుంది. 2015లో హార్వర్డ్‌లోని డేవిడ్ వైట్జ్ ల్యాబ్ దీనికి తెలివైన దారి చూపింది. కాల్షియంని ఈడీటీఏ అనే పదార్థంతో కట్టేసి చుక్కలో పెట్టారు. చుక్క తయారయ్యాక చుట్టూ ఉన్న నూనెలోంచి కొంచెం ఆమ్లం లోపలికి చేరుతుంది. అప్పుడు తాళం తెరుచుకుని కాల్షియం బయటికి వస్తుంది. చుక్క అంతటా ఒకేసారి, సమానంగా జెల్ అవుతుంది. ఇలా చేసిన బంతుల్లో బతికున్న కణాల్ని పెట్టి పెంచారు కూడా.

రెండోది కాంతి. చుక్కలో కాంతికి స్పందించే మోనోమర్ పెట్టి, కాలువ మీద యూవీ ఎల్‌ఈడీ వెలిగిస్తే చాలు. టెంపర్డ్ గ్లాస్‌కి యూవీ గమ్ పెట్టి లైట్ కింద ఉంచుతారే, అదే తరహా. 2005లో టొరంటో, హార్వర్డ్ బృందాలు కలిసి ఇలా గోళాలు మాత్రమే కాదు, బిళ్లలు, కడ్డీల ఆకారాలు కూడా చేశాయి. చుక్క కంటే కాలువ లోతు తక్కువైతే బిళ్ల వస్తుంది, వెడల్పు కూడా తక్కువైతే కడ్డీ వస్తుంది.

2006లో ఎంఐటీలో ధనంజయ దెందుకూరి, పాట్రిక్ డోయిల్ బృందం ఇంకో అడుగు వేసింది. చుక్కలే లేకుండా, పారుతున్న ద్రవం మీద మాస్క్ ద్వారా యూవీ మెరుపులు కొట్టి కావలసిన ఆకారం ముద్రించారు. గోడలకి ఎందుకు అతుక్కోలేదు? పీడీఎంఎస్ రబ్బరులోంచి ఆక్సిజన్ లోపలికి వస్తుంది, ఆక్సిజన్ ఉన్న చోట ఆ రియాక్షన్ జరగదు. గోడ పక్కన ఎప్పుడూ ఒక పల్చటి ద్రవ పొర మిగిలిపోతుంది. కార్బన్ కంపెనీ 3డి ప్రింటర్లలో 2015లో వచ్చిన క్లిప్ టెక్నాలజీ కూడా ఇలాగే ఆక్సిజన్‌తో ఒక గట్టిపడని పొరని వాడుకుంటుంది. దెందుకూరి ఆ తర్వాత బెంగళూరులో అచిరా ల్యాబ్స్ స్థాపించినవాళ్లలో ఒకరు.

ఒక హెచ్చరిక. యూవీ కూడా కణాలకి పూర్తిగా మంచిది కాదు. అందుకే కణాలు ఉన్నప్పుడు తక్కువ డోసు, వీలైనంత పొడవైన తరంగాలు వాడతారు. 'మైల్డ్' అంటే వేడి లేకపోవడం ఒక్కటే కాదన్నమాట.

మూడోది అన్నిటికంటే సింపుల్. ముందే తయారైన పాలిమర్‌ని ద్రావకంలో కరిగించి చుక్కలు చేస్తారు. ద్రావకం మెల్లగా బయటికి పోతే పాలిమర్ బంతిగా మిగులుతుంది. రియాక్షన్ లేదు, లైట్ లేదు. మందుల బంతులకి ఇది బాగా నప్పుతుంది. కాకపోతే ఆ ద్రావకం ఆనవాలు మిగలకుండా కడగాలి.

ఇప్పుడు అసలు బెంచ్‌మార్క్

రివ్యూ అన్నాక లెక్క చూడకపోతే ఎలా? 50 మైక్రాన్ల చుక్క తీసుకోండి. దాని పరిమాణం సుమారు 65 పికోలీటర్లు. సెకనుకి వెయ్యి చుక్కలు అంటే వినడానికి అబ్బో అనిపిస్తుంది. కానీ గంటకి ఎంత సరుకు వస్తుంది? దాదాపు 0.24 మిల్లీలీటర్లు. ఒక టీ స్పూన్ నిండాలంటే 21 గంటలు పడుతుంది.

ఇక మన ఏసీఎఫ్ సైజు, 5 మైక్రాన్లు. వ్యాసం పదో వంతు, పరిమాణం వెయ్యో వంతు. అదే వేగంతో ఒక్క మిల్లీలీటర్ రావాలంటే దాదాపు 177 రోజులు, అంటే ఆరు నెలలకి దగ్గర. మీ ఫోన్‌లో బంతులు ఈ చిప్ నుంచి రాకపోవడానికి కారణం ఇక విడిగా చెప్పక్కర్లేదు. అక్కడ లోపల ప్రొటీన్ లేదు, కణం లేదు. వేడి గిన్నె చాలు, ఒక్కసారికి బోలెడు వస్తుంది.

మరి మందుల ఫ్యాక్టరీకి ఇది ఎలా సరిపోతుంది? ఒక గరిటెకి ఒకే చిల్లు ఉంటే బూందీ ఎప్పటికి అయ్యేను? చిల్లులు పెంచాలి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డేవిడ్ ఇస్సడోర్, డేయన్ లీ బృందాలు 2018లో సరిగ్గా అదే చేశాయి. 4 అంగుళాల సిలికాన్ వేఫర్ ఒక్కదాని మీద 10,260 చుక్కల జనరేటర్లు చెక్కారు. గంటకి లక్ష కోట్ల చుక్కల స్థాయి. దానితో పాలీకాప్రోలాక్టోన్ అనే, శరీరంలో కరిగిపోయే పాలిమర్ బంతులు చేశారు.

దీంట్లో కష్టమంతా చిల్లులు పెట్టడంలో లేదు, అన్నిటికీ సమానంగా పంచడంలో ఉంది. ఊరి చివరి ఇంటి కుళాయికి నీళ్లు సన్నగా వస్తాయి కదా? చివరి జనరేటర్‌కి ఒత్తిడి తగ్గితే అక్కడ చుక్క సైజు మారిపోతుంది, చేసిన పనంతా వృథా. అందుకే సరఫరా చేసే పెద్ద కాలువల్ని లోతుగా, ప్రతి జనరేటర్ ముందు దారిని కావాలనే ఇరుకుగా చెక్కారు. అప్పుడు ముందు ఇంటికీ చివరి ఇంటికీ వాటా ఒకటే. రబ్బరు బదులు సిలికాన్, గాజు వాడటానికీ కారణం ఉంది. ఎక్కువ ఒత్తిడికి రబ్బరు ఉబ్బుతుంది, ద్రావకాలు తగిలితే నానిపోతుంది. మీ ఫోన్ ప్రాసెసర్ చేసే పరిశ్రమ దశాబ్దాలుగా నేర్చుకున్న చెక్కుడు పని ఇక్కడ చక్కగా అక్కరకొచ్చింది.

ఇప్పటికే వాడుకలో ఉందా?

ఉంది. ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివే టెక్నాలజీ ఇప్పుడు జీవశాస్త్రంలో మామూలైపోయింది. హార్వర్డ్ నుంచి 2015లో వచ్చిన ఇన్‌డ్రాప్ పద్ధతిలో, చిప్ మీద చేసిన మెత్తటి జెల్ బంతుల మీద డీఎన్ఏ బార్‌కోడ్‌లు ఉంటాయి. ఒక చుక్కలో ఒక కణం, ఒక బంతి పడాలి. బంతులు ఒకే సైజు, పైగా మెత్తన. అందుకే క్యూలో ఒత్తుకుని నిలబడి ఒక్కో చుక్కలోకి ఒక్కోటి చొప్పున పడతాయి. గట్టి బంతులైతే ఏ చుక్కలో ఎన్ని పడతాయో అంతా లాటరీయే. టెన్‌ఎక్స్ జీనోమిక్స్ అమ్మే యంత్రాలు కూడా జెల్ బంతులు, చుక్కల మీదే నడుస్తాయి.

ప్లస్‌లు

సైజు తేడా మామూలుగా 5% లోపే ఉంచొచ్చు. గది ఉష్ణోగ్రత చాలు కాబట్టి ప్రొటీన్లు, కణాలు కూడా లోపల పెట్టొచ్చు. సైజు మార్చాలంటే పంపు వేగం మారిస్తే చాలు, రెసిపీ మొత్తం మార్చక్కర్లేదు. ఏరి పారేసే సరుకు తక్కువ.

మైనస్‌లు

ఒక్క దుమ్ము రేణువు చాలు, కాలువ మూసుకుపోతుంది. తయారైన బంతుల్ని నూనె నుంచి, సబ్బు నుంచి పూర్తిగా కడగడం పెద్ద పని. చాలా ల్యాబులు అలవాటుపడిన ఫ్లోరిన్ నూనెల్లో ఒకటి 3ఎం వారి నోవెక్ 7500. అది పీఎఫ్ఏఎస్ కోవలోకి వస్తుంది. ప్రకృతిలో చాలాకాలం విరగకుండా ఉండిపోయే రసాయనాలవి. వాటి తయారీ 2025 చివరికల్లా ఆపేస్తామని 3ఎం 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. అంటే చుక్కలు చేసేవాళ్లు కొత్త నూనె వెతుక్కోవాల్సిందే. బంతి ఎంత సౌమ్యంగా తయారైనా, చుట్టూ ఉన్న నూనె సౌమ్యంగా లేకపోతే లెక్క సగమే కదా.

నా వెర్డిక్ట్

కరెంటు మోయడానికో, గాజు పలకల మధ్య దూరం పట్టడానికో బంతి కావాలంటే పాత వేడి గిన్నెని కొట్టేది లేదు. చవక, వేగం రెండూ దానివే. కానీ బంతి లోపల వేడికి చెడిపోయేది ఏదైనా పెట్టాలంటే నా ఓటు చిప్‌కే. అక్కడ 'ఒకే సైజు' అంటే అందం కోసం కాదు, రోగికి అందే డోసు కోసం.

కొనడానికి ఇది మీ కార్ట్‌లోకి వచ్చే గాడ్జెట్ కాదు. కానీ మీలో కెమికల్, బయోటెక్, ఎలక్ట్రానిక్స్ చదువుతున్నవాళ్లు ఉంటే ఒక మాట. ఈ రంగంలో ఇప్పుడు తేలాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. పీఎఫ్ఏఎస్ లేని నూనె ఏది? పది వేల జనరేటర్లు నెలల తరబడి మూసుకుపోకుండా ఎలా నడపాలి? లోపల పెట్టిన కణం శరీరంలో ఏళ్ల తరబడి ఎలా బతుకుతుంది? మూడోది డాక్టర్లతో కలిసి చేయాల్సిన పని. మొదటి రెండూ మాత్రం ఇంజినీర్లవి.